పాపాయికి వేరే గది ఎప్పుడు?

కాకినాడ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం నా బల్ల మీద ఉంది. పురిటికి పుట్టింటికి వెళ్ళి, ఐదో నెలలో బిడ్డతో అత్తవారింటికి చేరిన అమ్మాయి. "మా వారు పాప కోసం ప్రత్యేకంగా ఒక గది సిద్ధం చేశారు డాక్టరు గారూ. గోడలకు గులాబీ రంగు వేయించారు. కమ్ముల మంచం కొన్నారు. మా గదిలోంచి చూడటానికి కెమెరా కూడా పెట్టించారు. ఇప్పటి నుంచే విడిగా పడుకోబెడితే పాపకు రాత్రంతా నిద్ర పడుతుందని ఫోనులో ఎవరో చెప్పారట. మా అత్తగారేమో, పాలు తాగే పసిగుడ్డును తల్లి పక్కనుంచి తీసేస్తారా, ఇదేం చోద్యం అంటున్నారు. వారం రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. ప్రస్తుతం పాప మా మంచం మీదే గోడవైపు పడుకుంటోంది. నేను ఎవరి మాట వినాలి?" అని ఆమె ప్రశ్న.

అమ్మా, మీ వారి మాటలో సగం నిజం ఉంది, మీ అత్తగారి మాటలో సగం నిజం ఉంది. పాపకు వేరే పక్క కావాలి, అది మీ వారి సగం. ఆ పక్క మీ గదిలోనే ఉండాలి, అది మీ అత్తగారి సగం. ఆ రెండు సగాలూ కలిపితే ఈనాడు వైద్యులు చెప్పే మాట వస్తుంది. కాని మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఈ తగవు కాదు, చివర మామూలుగా రాసేసిన "గోడవైపు" అన్న మాట.

సుమారు పదేళ్ళ కిందట ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉండగా తెల్లవారుజామున ఆటోలో ఒక బిడ్డను తెచ్చారు. ఐదు నెలల మగపిల్లవాడు. దొర్లి కింద పడతాడేమోనని తల్లి జాగ్రత్తగా గోడవైపే పడుకోబెట్టింది. మంచం గోడకు ఆనించే ఉంది. కాని పరుపుకూ గోడకూ మధ్య నాలుగు వేళ్ళు పట్టే సందు ఉంది. పిల్లవాడు దొర్లి అందులోకి జారాడు. ముఖం పరుపు అంచుకు నొక్కుకుపోయింది. అదృష్టవశాత్తు, నీళ్ళ కోసం లేచిన అమ్మమ్మకు మంచం మీద మనవడు కనిపించలేదు. లాగి తీసేసరికి పెదవులు నీలంగా ఉన్నాయట. మా దగ్గరకు వచ్చేటప్పటికే గట్టిగా ఏడుస్తున్నాడు. అంత చక్కటి ఏడుపు నేను చాలా అరుదుగా విన్నాను. మేము ఆక్సిజన్ పెట్టి ఒక రోజు ఉంచుకుని పంపించాం తప్ప చేసింది పెద్దగా ఏమీ లేదు. ఆ అమ్మమ్మకు దాహం వేయకపోతే ఏమయ్యేదో నేను వేరే చెప్పనక్కరలేదు.

ఇటువంటి ప్రమాదానికి ఏడుపు వినిపించదు. నోరూ ముక్కూ మూసుకుపోయిన బిడ్డ అరవలేదు. కాబట్టి "ఏడిస్తే నాకు మెలకువ వస్తుంది కదా" అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

వెల్లకిలా పడుకోబెట్టండి

ఏ గది అన్నదానికంటే ముందు ఎలా అన్నది తేల్చుకోవాలి. పుట్టిన రోజు నుంచి ఏడాది నిండే వరకు, రాత్రిపూటే కాదు పగటి కునుకుకు కూడా, బిడ్డను వెల్లకిలానే పడుకోబెట్టాలి. బోర్లా వద్దు, పక్కకు తిప్పీ వద్దు. పక్కకు తిప్పిన బిడ్డ ఏ క్షణానైనా బోర్లా పడవచ్చు.

ఈ మాట రాసేటప్పుడు నా కలం కొంచెం ఆగుతుంది. 1990లలో నేను కొత్తగా ఉద్యోగంలో చేరి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసే రోజుల్లో, కడుపునొప్పితో గుక్కపట్టి ఏడ్చే పిల్లల తల్లులకు "బోర్లా పడుకోబెట్టమ్మా, గ్యాసు పోయి హాయిగా నిద్రపోతాడు" అని నేనే చెప్పేదాన్ని. నా పైవాళ్ళు నాకు అలాగే చెప్పారు. పిల్లలు నిజంగానే నిద్రపోయేవారు కూడా. ఒక తల్లి రెండున్నర నెలల పాపను పొద్దున్నే చేతుల్లో పట్టుకు వచ్చింది. పాప ప్రాణం పోయి అప్పటికే చాలా సేపయింది. జ్వరం లేదు, విరేచనాలు లేవు, రాత్రి పాలు తాగి పడుకుంది. ఆ తల్లి నన్ను నిందించలేదు. "మీరు చెప్పినట్టే పడుకోబెట్టానమ్మా" అన్నది, అంతే. నా సలహా వల్లనే పాప పోయిందని నేను చెప్పలేను. కాదనీ చెప్పలేను.

అప్పటికే ఇతర దేశాల్లో ఈ సంగతి బయటపడింది. మాదాకా రావడానికి ఏళ్ళు పట్టింది. ఏ జబ్బూ లేకుండా నిద్రలోనే పసిబిడ్డలు పోవడాన్ని వైద్యులు సడెన్ ఇన్‌ఫెంట్ డెత్ సిండ్రోమ్ అంటారు, ఇంగ్లండులో వాడుకలో కాట్ డెత్ అనేవారు. అమెరికాలో ఇంటింటా చదివిన డాక్టర్ బెంజమిన్ స్పాక్ శిశుపోషణ గ్రంథం కూడా 1950ల చివరి నుంచి కొన్ని కూర్పుల్లో బోర్లా పడుకోబెట్టమనే చెప్పింది. ఉద్దేశం మంచిదే: వెల్లకిలా ఉంటే కక్కిన పాలు గొంతుకు అడ్డం పడతాయని భయం. ఇంగ్లండులో టెలివిజన్ వ్యాఖ్యాత ఆన్ డైమండ్ 1991లో తన పసికొడుకును ఇలాగే పోగొట్టుకుని, పట్టుబట్టి, ఆ ఏడాది చివరలోనే దేశమంతటా ప్రచారం మొదలయ్యేలా చేసింది. అమెరికా 1994లో ఆ దారి పట్టింది. బిడ్డల్ని వెల్లకిలా తిప్పడం తప్ప కొత్త మందు ఏమీ రాలేదు. అయినా ఆ రెండు దేశాల్లోనూ ఈ మరణాలు కొద్ది సంవత్సరాల్లోనే దాదాపు సగానికి తగ్గాయి.

కక్కిన పాలు అడ్డం పడతాయన్న భయం మన అమ్మమ్మలకు ఇప్పటికీ ఉంది. నిజానికి బిడ్డ వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. కక్కిన పాలు గాలిగొట్టంలోకి పోవాలంటే ఎగువకు ఎక్కాలి. బోర్లా ఉన్నప్పుడు ఇది తలకిందులు. పాలు పట్టాక భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా వీపు నిమిరి, ఆ తర్వాత వెల్లకిలా పడుకోబెడితే చాలు. తల చదునవుతుందని ఆవాల దిండు పెడతారు. దిండు ఏదైనా ఏడాదిలోపు బిడ్డకు వద్దు. మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ళ ముందు కాసేపు బోర్లా ఆడించండి. తలకు మంచిది, మెడకూ బలం.

బోర్లా పడితే మన ఇళ్ళలో బొబ్బట్లు చేసి పంచుతాం. నాకు ఆ వేడుకంటే ఇష్టం. బొబ్బట్లు చేసిన రోజునే పొత్తిళ్ళలో చుట్టడం మానేయాలని మాత్రం గుర్తుంచుకోండి. చేతులు కట్టేసిన బిడ్డ బోర్లా పడితే తిరిగి తల ఎత్తుకోలేదు. రెండు వైపులా సులువుగా దొర్లడం వచ్చాక, వెల్లకిలా పడుకోబెట్టిన బిడ్డ తనంతట తాను బోర్లా తిరిగితే రాత్రంతా కాపలా కాసి తిప్పుతూ ఉండనక్కరలేదు.

ఒకే గది, వేరే పక్క

అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో ఇచ్చిన సూచనల ప్రకారం కనీసం మొదటి ఆరు నెలలు బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే, వారి మంచానికి దగ్గరగా, వేరే పక్క మీద పడుకోవాలి. నిద్రలో పోయే ప్రమాదం రెండు నెలలకూ నాలుగు నెలలకూ మధ్య అన్నిటికంటే ఎక్కువ. చాలా భాగం ఆరు నెలలలోపే జరుగుతాయి. ఒకే గదిలో ఉంటే బిడ్డ మూలుగూ, ఊపిరీ, కదలికా తల్లి చెవిన పడుతూ ఉంటాయి. రాత్రి పాలు ఇవ్వడమూ తేలిక. మీ వారు పెట్టించిన కెమెరా చెడ్డదేమీ కాదు, కాని అది నిద్రపోయే మనిషిని లేపదు.

విడిగా పడుకున్న పిల్లలు ఎక్కువసేపు నిద్రపోతారన్న మాట కూడా కట్టుకథ కాదు. అమెరికాలో పెన్సిల్వేనియాలో జరిపి 2017లో ప్రకటించిన పరిశీలనలో, నాలుగు నెలలకే వేరే గదికి మారిన పిల్లలు, తొమ్మిదో నెలలో ఇంకా తల్లిదండ్రుల గదిలోనే ఉన్న పిల్లలకంటే రాత్రిపూట సుమారు 40 నిమిషాలు ఎక్కువ నిద్రపోయారు. మీ వారికి ఫోనులో చెప్పినవారు బహుశా ఇదే విని ఉంటారు. నలభై నిమిషాల నిద్ర తల్లికి ఎంత విలువైనదో నాకూ తెలుసు. కాని ఆరు నెలలు నిండని బిడ్డ విషయంలో ఆ బేరం నేను చేయను. మాటిమాటికీ లేవడం ఆ వయసులో లోపం కాదు, అదొక రక్షణ కూడా.

ఇంట్లో ఒక్కటే గది, అందరికీ కింద ఒకటే పరుపు, వేరే మంచం ఎక్కడ వేయమంటారు అని మా ఓపీలో తల్లులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అటువంటప్పుడు గోడకు దూరంగా, నేల మీద, గట్టి పరుపు మీదనో మందపాటి బొంత మీదనో పడుకోండి. బిడ్డ తల్లి వైపు చివరన ఉండాలి, ఇద్దరి మధ్యన కాదు. పెద్దపిల్లలను బిడ్డ పక్కన వేయకండి. మీ దిండూ దుప్పటీ బిడ్డ ముఖం దాకా రాకూడదు. అదే పరుపుకు ఆనించి ఒక చాప, దాని మీద గట్టి బొంత వేస్తే అదే వేరే పక్క అవుతుంది, పైసా ఖర్చు లేదు. అయితే బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, పుట్టినప్పుడు రెండున్నర కిలోలకు తక్కువ ఉన్నా, ఇంట్లో ఎవరైనా పొగ తాగేవారైనా, పక్కన పడుకునే మనిషి మద్యం తాగినా, నిద్రమాత్ర వేసుకున్నా ఒకే పక్క మీద పడుకోబెట్టడం ఎంతమాత్రం పనికిరాదు. ఇంకొకటి, పాలిస్తూ సోఫాలో నిద్రపోవడం అన్నిటికంటే ప్రమాదం. కళ్ళు మూతలు పడుతున్నాయనుకుంటే సోఫా మీదనుంచి లేచి మంచం మీదకు వెళ్ళండి.

చీర ఉయ్యాల సంగతి కూడా అడుగుతారు. నేనూ అందులో పెరిగినదాన్నే. పగలు మనిషి ఎదురుగా ఉండగా కాసేపు ఊపి నిద్రపుచ్చితే అభ్యంతరం లేదు. నిద్ర పట్టాక చదునైన పక్క మీదకు మార్చండి. ఉయ్యాల గుడ్డలో మెడ వంగి గడ్డం రొమ్ముకు ఆనుకుంటే చిన్నబిడ్డకు ఊపిరి కష్టమవుతుంది. రాత్రంతా అందులో ఉంచడం వద్దు.

గది మార్చే వేళ

ఆరు నెలలు నిండాక మార్చవచ్చు. ఏడాది దాకా ఆగినా నష్టం లేదు. అసలు మార్చకపోయినా ఏమీ కాదు. రెండు గదుల పోర్షనులో ఉండేవారు, మా బిడ్డకు ప్రత్యేకమైన గది లేదే అని బాధపడటం నాకు వింతగా తోస్తుంది. మనలో ఎంతమందికి ఉండేదని?

మార్చదలచుకున్నవారు మాత్రం వేళ చూసుకోవాలి. ముహూర్తం గురించి కాదు నేను చెప్పేది. బిడ్డకు జ్వరం, జలుబు, టీకా వేయించిన రోజు, పళ్ళు వచ్చే చికాకు ఉన్నప్పుడు మొదలుపెట్టవద్దు. ఎనిమిది, తొమ్మిది నెలల వయసులో పిల్లలకు తల్లి కనబడకపోతే బెంగ ఎక్కువ, అంతకు ముందు ఎవరి దగ్గరకైనా వెళ్ళిన బిడ్డ కూడా అప్పుడు చంక దిగదు. ఆ నెలలు గడవనివ్వండి. ఉద్యోగం చేసే తల్లులకు 2017 చట్ట సవరణ తర్వాత మొదటి రెండు కాన్పులకు 26 వారాల సెలవు వచ్చింది. సరిగ్గా ఆరు నెలలు. సెలవు అయిపోయి ఆఫీసుకు వెళ్ళే వారమే బిడ్డను వేరే గదికి మార్చడం నేను తరచు చూస్తున్నాను. పగలూ అమ్మ లేదు, రాత్రీ అమ్మ లేదు అన్నట్టవుతుంది పాపం ఆ బిడ్డకు. ఒకటి కుదుటపడ్డాక రెండోది చేయండి. అలాగే రెండో కాన్పు దగ్గరపడితే పెద్దబిడ్డను రెండు మూడు నెలల ముందే మార్చండి. తమ్ముడు వచ్చిన రోజునే మంచం దిగమంటే ఆ తమ్ముడి మీద కోపం రాక ఏమవుతుంది?

మొదట పగటి నిద్ర ఆ గదిలో అలవాటు చేయండి. ఒక వారం అంతే. తల్లి అక్కడే కూర్చుని బట్టలు మడతపెట్టుకుంటూనో, కూరలు తరుక్కుంటూనో ఉండవచ్చు. మంచమూ, పరుపూ పాతవే ఉండాలి. గది మారినా పక్క మారకూడదు. రాత్రికి రోజూ ఒకే వరస పెట్టుకోండి: గోరువెచ్చని నీళ్ళతో ఒళ్ళు తుడవడం, పాలు, దీపం తగ్గించడం, ఒక లాలిపాట. గొంతు ఎలా ఉన్నా ఫరవాలేదు, బిడ్డకు మీ గొంతే సుశీల గొంతు. కళ్ళు బరువెక్కుతుండగా, పూర్తిగా నిద్రపోకముందే పక్క మీద వేయండి. చంకలో నిద్రపోయి మంచం మీద మేలుకున్న బిడ్డ, ఇక్కడికి ఎలా వచ్చానని ఏడుస్తుంది. మొదటి రాత్రులు పెద్దవాళ్ళలో ఒకరు ఆ గదిలోనే కింద పక్క వేసుకోవాలి. ఆ ఒకరు తండ్రి అయితే మరీ మంచిది, పాల వాసన ఉండదు కనుక బిడ్డ ఊరికే పాలకు లేవదు. గోడకు రంగు వేయించిన తండ్రులకు ఈ పని కూడా ఇష్టంగానే ఉంటుందని నా నమ్మకం.

రాత్రి ఉలిక్కిపడి కుయ్‌మన్నంత మాత్రాన ఎత్తుకోవద్దు. రెండు మూడు నిమిషాలు ఆగి చూస్తే చాలాసార్లు తిరిగి నిద్రపోతారు. ఏడుపు నిజమైతే వెళ్ళి రొమ్ము మీద చెయ్యి వేసి మాట్లాడండి, అవసరమైతే ఎత్తుకోండి. ఏడ్చి ఏడ్చి ఊరుకునేదాకా తలుపు వేసి వదిలేయమనే పద్ధతి ఒకటి బయట వినిపిస్తోంది. పసిబిడ్డల విషయంలో నాకు అది రుచించదు. పది రోజులైనా సర్దుకోకపోతే తిరిగి మీ గదిలోకి తెచ్చుకుని రెండు నెలల తర్వాత మళ్ళీ ప్రయత్నించండి. ఇందులో ఓటమి ఏమీ లేదు.

మన ఇళ్ళలో వేరే గది అంటే చాలాసార్లు నాయనమ్మ గదే. ఇది చక్కని ఏర్పాటు. కాని ఆమె నిద్రమాత్ర వేసుకుంటారా, చెవులు బాగా వినిపిస్తాయా అన్నది అడిగి తెలుసుకోవాలి. ఆమె మంచం మీద కూడా బిడ్డకు వేరే పక్కే.

గదిని ఒకసారి బిడ్డ ఎత్తుకు వంగి చూడండి. కమ్ముల మధ్య ఎడం 6 సెంటీమీటర్లకు మించరాదు, తల ఇరుక్కుంటుంది. పరుపు గట్టిగా, మంచానికి సరిపడా ఉండాలి. పరుపుకూ మంచం అంచుకూ మధ్య రెండు వేళ్ళు దూరితే ఆ పరుపు చిన్నదన్నమాట. బూరుగుదూది పరుపు మనకు హాయి, బిడ్డకు కాదు. మంచంలో బొమ్మలు, దిండ్లు, బొంతలు ఏవీ ఉంచకండి. కిటికీ పరదా తాడు, ఫోను ఛార్జరు తీగ చేతికి అందకూడదు. మెడలో గొలుసు, దిష్టితాడు రాత్రి తీసేయండి. మొలతాడు మీద నాకు పట్టింపు లేదు. దోమలకు చక్రాలు వెలిగించి తలుపులు మూస్తే ఆ పొగంతా బిడ్డ ఊపిరితిత్తుల్లోకే. సాంబ్రాణి పొగ కూడా పొగే. దోమతెర బిగుతుగా కట్టి, పరుపు కింద దోపండి. జలుబుకని కర్పూరం మూట దిండు కింద పెట్టడం, ఛాతీకి కర్పూరతైలం రాయడం మానండి. కర్పూరం నోట్లోకి పోయి ఫిట్సు వచ్చిన పిల్లలను ప్రతి ప్రభుత్వాసుపత్రీ చూస్తూనే ఉంటుంది. మే నెలలో టోపీ, సాక్సులు తొడిగి చెమటలు పట్టించకండి. చలి వేస్తోందా అని అరచేతులు కాదు, మెడ వెనుక తాకి చూడాలి. ఫ్యాను వేయవచ్చు, ఏసీ కూడా వేయవచ్చు, గాలి నేరుగా ముఖాన కొట్టకుండా చూస్తే సరి.

దగ్గు, జలుబు ఉన్న రాత్రి బిడ్డను మళ్ళీ మీ గదిలోకి తెచ్చుకోండి, వయసు ఎంతైనా సరే. నిద్రలో ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోండి. రెండు నెలలలోపు బిడ్డకు నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50, లేక అంతకు మించితే, పక్కటెముకల కింద లోపలికి లాగుతుంటే, పాలు తాగలేకపోతే, పెదవులు నీలంగా మారితే తెల్లవారేదాకా ఆగకండి. 108కి ఫోను చేయండి.

ఇక కాకినాడ సోదరికి. అమ్మా, గులాబీ రంగు గది ఎక్కడికీ పోదు. రంగు వాసన కూడా ఈలోగా పోతుంది. కొత్త కమ్ముల మంచాన్ని మీ వారిచేత ఈ రాత్రికే మీ గదిలోకి జరిపించి, మీ మంచం పక్కన వేయించండి. పాప అందులో, మీరు పక్కన. అత్తగారికి నా మాటగా చెప్పండి, చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంటుందని. ఏడాది దగ్గరపడుతుండగా బెంగ వయసు దాటాక, ఆ గదిలో పగటి కునుకులు మొదలుపెట్టవచ్చు. మంచం జరిపాక, మీ పరుపుకూ గోడకూ మధ్య ఎన్ని వేళ్ళు పట్టే సందు ఉందో చూసి నాకు ఒక కార్డు రాయండి.